పొట్టి చెక్కల లెక్క

నెల్లూరు జిల్లా ఉదయగిరి పేరు చెబితే చరిత్ర చదివినవాళ్ళకు దుర్గం గుర్తుకొస్తుంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. అదంతా పాత సంగతి. ఇవాళ ఆ ఊరి పేరు ఎగ్జిబిషన్లలోనూ లేపాక్షి షోరూముల్లోనూ వినిపిస్తున్నదంటే చెక్క గరిటెల పుణ్యమే. జానెడు, మూరెడు కొమ్మలను గరిటెలుగా, స్పూన్లుగా, ఫోర్కులుగా మలిచి అమ్మే పని అది. దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. అదే ప్రాంతంలో పాత మిద్దె ఒకటి పడగొట్టి చూడండి. చేవదేరిన వేప తలుపు రెక్కలు, రెండు తరాలు బరువు మోసిన వాసాలు కట్టెల లెక్కన తూకానికి పోతాయి. జానెడు ముక్కకు ధర పలికే చోట ఆరడుగుల చేవకు గిరాకీ లేదు.

మిగిలిపోయిన చెక్క, ఇల్లు విప్పినప్పుడు వచ్చిన చెక్క, మిల్లు పారేసిన చెక్కతో ఇంటి సామాను సర్దుకునే అరలు, పెట్టెలు, స్టాండ్లు చేసుకోవడం ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎంతవరకు కుదిరే పని? ఎక్కడ లాభం, ఎక్కడ ఒళ్ళు హూనం? నా అభిప్రాయం ముందే చెబుతాను. చెక్క కొరత వల్ల చెడిన పనులు తక్కువ. పొట్టి చెక్కలు దగ్గర పెట్టుకుని పొడుగు చెక్కల వస్తువుకు నకలు చెయ్యబోయి చెడగొట్టుకున్నవే ఎక్కువ. బీరువా బొమ్మ మనసులో పెట్టుకుని ముక్కలు వెతికితే బీరువా రాదు, ముక్కలూ మిగలవు. ముక్కల పొడవు చూసి వస్తువును నిర్ణయించుకున్నవాడికే పని సాగుతుంది.

ఈ సంగతి ఉదయగిరి గరిటెలవాళ్ళకు ఎప్పుడో తెలుసు. వాళ్ళు వాడేవి నర్ది, బిక్కి, కల్ది, దేవదారు, పాలబరికె లాంటి చెక్కలు. ఈ దేవదారు హిమాలయాల్లో ఆకాశమంత పెరిగే దేవదారు కాదు. మన మెట్ట కొండల మీద పొదలాగా పెరిగే చిన్న చెట్టు. వీటిలో చాలావాటి నుంచి అడుగు వెడల్పు పలక తీయడం కలలో మాట. ద్వారబంధానికి పనికిరావు, మంచపు కోళ్ళకూ చాలవు. వడ్రంగి లెక్కలో అవి కట్టెపుల్లలు. అయితే గరిటెకు కావలసింది వెడల్పు కాదు. నున్నగా తేలే సన్నటి పోగు, వేడికీ తడికీ పగలని గుణం. అవి చూసుకుని, ఆ కొలతకు ఆ వస్తువును ఎంచుకున్నారు. రంపంతో కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితంతో నునుపు తేలుస్తారు. చేతిలో పట్టే ముక్క కాబట్టి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అందుకే ఆ పనిలో ఆడవాళ్ళు, ముఖ్యంగా ముస్లిం కుటుంబాల స్త్రీలు అంతమంది ఉన్నారు.

మన రాష్ట్రంలో పేరున్న చెక్కపనులన్నీ ఇలా ఏదో ఒక చెట్టు గుణాన్ని పట్టుకుని నిలబడ్డవే. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస. ఇంటి సామానుకు మాత్రం అలాంటి పొత్తు తెగిపోయింది. ఒకప్పుడు ఉండేది: ద్వారబంధానికి వేప, బండిచక్రానికి తుమ్మ, దూలానికి తాడి. ఇప్పుడు ఏ వస్తువైనా ప్లైవుడ్డే, కొలత మారితే షీటు మారుతుంది, అంతే.

అసలు ఈ ప్రాంతంలో మిగులు చెక్క ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అన్నిటికన్నా విలువైనది పాత ఇళ్ళది. మట్టిమిద్దెలు, పెంకుటిళ్ళు విప్పి స్లాబు వేస్తున్న కాలం ఇది. తలుపులు, కిటికీ చట్రాలు, దూలాలు, వాసాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ చెక్క గొప్పతనం వయసులో ఉంది. కొత్తగా కోసిన చెక్క ఎండేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు మారదు. పలక వంకర తిరగడం, పగలడం, అతుకు విడిపోవడం ఎక్కువగా ఈ తేడా వల్లే. అంగుళం మందం పలక నీడన ఆరడానికి ఏడాది పడుతుందని వడ్రంగుల మోటు లెక్క. యాభై ఏళ్ళు ఇంటి కప్పు కింద ఉన్న వాసం ఆ తిరుగుడంతా ఎప్పుడో తిరిగేసింది. దాన్ని కోసి అర చేస్తే మళ్ళీ పెద్దగా కదలదు. కోతమిల్లులో డబ్బు పెట్టినా దొరకని సరుకు అది. దాన్ని నీళ్ళు కాచుకోవడానికి పొయ్యిలో పెడుతున్నాం.

అయితే పాత చెక్కలన్నీ ఒకటి కాదు. వేప చేవ చేదుకు చెదలు తొందరగా అంటవు, కోతకు లొంగుతుంది. చండ్ర, నల్లతుమ్మ రాయిలాంటివి. మేకు దిగదు, ముందు బరమాతో బెజ్జం వేసుకోవాలి. తాటి దూలం సంగతి వేరు. దాని బలమంతా బయటి నల్లటి నారలో ఉంటుంది, లోపలి గుజ్జు మెత్తన. నిలువుగా చీల్చి పట్టెలుగా వాడితే మూడు తరాలు నిలుస్తుంది గానీ, చిత్రిక పడితే పేళ్ళు లేస్తాయి. దాని మీద బట్టలు పెడితే నూలు పట్టుకుంటుంది. స్టాండు కాళ్ళకు, అడ్డకర్రలకు వాడుకోవాలి, అరకు వద్దు. మామిడి చెక్క సులువుగా తెగుతుంది గానీ పురుగుకు మహా ఇష్టం. అరమీద సన్నటి పిండి రాలుతుంటే లోపల కొలువు మొదలైందని అర్థం.

రెండో వనరు కోతమిల్లు. దుంగను చదరం చేసేటప్పుడు నాలుగు పక్కలా తీసేసే బెరడు పలకలు కట్టెల్లోకి పోతాయి. వాటి మీద ఆశ పెట్టుకునే వాళ్ళను చాలామందిని చూశాను. ఒక పక్క చదునుగా ఉంటుంది, చవక, చూడ్డానికి అందం. చిక్కేమిటంటే ఆ పలక చెట్టు అంచు నుంచి వచ్చింది. చేవ మధ్యలో ఉంటుంది, అంచున ఉండేది తెల్లచెక్క. పురుగుకు కావలసిన పిండి పదార్థమంతా అందులోనే ఉంటుంది. బెరడు తీయకుండా అలంకారంగా వదిలితే బెరడుకూ చెక్కకూ మధ్య పురుగు కాపురం పెడుతుంది. బెరడు పూర్తిగా చెక్కేసి, మందు పట్టించి, ఏడాది ఆరబెట్టే ఓపిక ఉంటేనే దాని జోలికి పోవాలి. పడమటి మెట్టలో కాగితపు మిల్లుల కోసం వేసిన జామాయిల్, సుబాబుల్ కర్ర కూడా ఈ కోవలోదే. జామాయిల్ ఎండుతూ మెలిదిరిగి పగులుతుంది. కర్రను కర్రగానే, స్టాండు కాళ్ళకు వాడితే నష్టం లేదు.

మూడోది సెంట్రింగ్ చెక్క. స్లాబు పనుల్లో నానిన, సిమెంటు పట్టిన పలకలు. దాంట్లో ఇరుక్కున్న మేకులు, సిమెంటు పెళ్ళలు చిత్రిక పదునును ఒక్క గీతకే తినేస్తాయి. సామాను కొట్టంలో అటకకు వేసుకోవచ్చు, ఇంట్లోకి దండగ. నాలుగోది ప్యాకింగ్ చెక్క: కృష్ణపట్నం ఓడరేవు ద్వారా, చెన్నై వైపు కార్ఖానాల నుంచి వచ్చే పైన్ పెట్టెలు, ప్యాలెట్లు నెల్లూరు దాకా తరచు కనిపిస్తాయి. ఇందులో ఒక్క విషయం చూసుకోవాలి. దేశాలు దాటే ప్యాకింగ్ చెక్కకు పురుగు చంపే శుద్ధి చెయ్యాలని అంతర్జాతీయ నియమం ఉంది. శుద్ధి చేసిన పద్ధతిని ముద్రలో ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. హెచ్.టి. అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు పట్టించారని అర్థం. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారని. మొదటిది ఇంటికి తెచ్చుకోవచ్చు, రెండోది వద్దు. ముద్రే లేని పెట్టె మీద ఏం ఒలికిందో ఎవరికి తెలుసు? బియ్యం డబ్బాల పక్కన దానికి చోటు ఇవ్వకూడదు.

ఐదోది, ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పోగుపడుతున్నది, షీటు ముక్కలు. ఆత్మకూరు లాంటి పట్టణంలో మాడ్యులర్ కిచెన్లు వచ్చాక ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు ముక్కలు పని జరిగిన ప్రతి ఇంటి వెనకా కనిపిస్తాయి. ప్లైవుడ్ ముక్క మంచిదే. పొరలు అడ్డదిడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి చిన్న ముక్క కూడా పగలదు, సొరుగు అడుగుకూ స్టాండు వీపుకూ దానికి మించింది లేదు. పార్టికల్ బోర్డు మీద నాకు నమ్మకం లేదు. అంచున మరమేకు పట్టదు, ఒక్క తుపాను వానకు తడిసి ఉబ్బితే మళ్ళీ మామూలు స్థితికి రాదు. కోసేటప్పుడు వచ్చే దుమ్ములో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. దాన్ని పొయ్యిలోనూ కాల్చకూడదు.

ఈ వరసలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది: సర్కారు తుమ్మ. చెరువు గట్ల నుంచి బీళ్ళ దాకా ఆక్రమించిన ఈ ముళ్ళచెట్టును బొగ్గు బట్టీలకు, పొయ్యిలకు తప్ప దేనికీ పనికిరాదని తీర్మానించేశాం. ఇదే ప్రోసోపిస్ జాతి చెట్లను అమెరికాలోని టెక్సస్‌లో మెస్కీట్ అని, అర్జెంటీనాలో అల్గరోబో అని పిలిచి, వాటితో బల్లలు, తలుపులు, నేలపలకలు చేసుకుంటారు. ఎండినప్పుడు బాగా తక్కువగా కుంచించుకుపోయే చెక్కల్లో అది ఒకటి. దాని లోపం ఒక్కటే, తిన్నగా పెరగదు. రెండు మూడడుగుల తిన్నటి తునక దొరకడమే కష్టం. పొడుగు చెక్క కావాలనుకునే వడ్రంగికి అది పనికిరానిది. అడుగున్నర అరలు చేసుకునేవాడికి చెరువు గట్టంతా సరుకే. కోసిన వెంటనే బెరడు తీయాలి, చేవను మాత్రమే వాడాలి, అంతే.

చట్టం సంగతి క్లుప్తంగా. వెలిగొండల్లో పుట్టే ఎర్రచందనం ముక్క, ఎంత చిన్నదైనా, ఎంత పాతదని చెప్పినా, కాగితాలు లేకుండా ఇంట్లో ఉండకూడదు. 1995 నుంచి అది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, రాష్ట్ర అటవీ చట్టం కింద శిక్షలు కఠినం. రిజర్వు అడవి నుంచి రాలిన కొమ్మ తెచ్చుకోవడం కూడా నేరమే కావచ్చు. గరిటెల పనికీ ఇదే పెద్ద చిక్కు. ముడిసరుకు కొండ మీద ఉంది, కొండ అటవీ శాఖది. సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 1996 నుంచి ఇచ్చిన ఆదేశాల తర్వాత కోతమిల్లుల మీద అదుపు బిగిసింది కూడా. అందుకని ఇంటి నుంచి వచ్చిన చెక్క, పొలం గట్టు మీది చెక్క, కొన్నట్టు రసీదు ఉన్న చెక్క, ఈ మూడింటికే కట్టుబడడం మేలు.

ఇప్పుడు అసలు విషయం, అర. ఇంట్లో సామాను పెట్టుకునే వస్తువులన్నీ విప్పి చూస్తే చివరికి మిగిలేది అరే. అర ఎందుకు వంగుతుందో తెలుసుకుంటే పొట్టి చెక్కల మీద ఉన్న చిన్నచూపు పోతుంది. పలక మీద బరువు పొడవునా సమానంగా పరిచి ఉందనుకోండి. ఆధారాల మధ్య దూరం రెండింతలు చేస్తే, దాని మీద పట్టే సామానూ రెండింతలవుతుంది. అప్పుడు నడుమ వంపు రెండింతలో నాలుగింతలో కాదు, పదహారింతలు అవుతుంది. అంటే రెండడుగుల అర నూలుపోగంత వంగితే, అదే పలకతో చేసిన నాలుగడుగుల అర కంటికి కనిపించేలా జారుతుంది. మందం లెక్క దీనికి తిరగేసినట్టుంటుంది: మందం రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి పొడుగు అర కావాలన్నవాడు మందమైన పలక కొనుక్కోవాలి. పొట్టి అరలు చేసుకునేవాడికి ముప్పావంగుళం చాలు. మిగులు చెక్క తనంతట తానే మంచి కొలతలోకి మనల్ని నెడుతుందన్నమాట.

పొడవు తప్పనిసరైతే దానికీ ఉపాయం ఉంది. పది అంగుళాల వెడల్పు, ముప్పావంగుళం మందం ఉన్న పలకను తీసుకోండి. అదే మందంతో రెండంగుళాల వెడల్పు బద్ద ఒకటి తీసుకుని, పడుకోబెట్టకుండా నిలువుగా పలక ముందంచుకు బిగించండి. ఆ సన్న బద్ద ఒక్కటే వంపును ఆపడంలో పలక మొత్తం కన్నా సుమారు 1.4 రెట్లు గట్టిది. పాత కిటికీ చట్రం చీల్చితే అలాంటి బద్దలు నాలుగు వస్తాయి. ఆ బద్ద డబ్బాలు జారి పడకుండా అంచు కూడా అవుతుంది.

మన పాత ఇళ్ళ ఏర్పాటు చూస్తే ఈ లెక్క కాగితం మీద వేయకుండానే వాళ్ళకు తెలుసనిపిస్తుంది. గోడలో గూడు మూరకు మించదు. పప్పులకూ ఉప్పుకూ జాడీలు, పాలకూ వెన్నకూ ఉట్టి, ధాన్యానికి గాదె, బట్టలకు దండెం, విలువైనవాటికి భోషాణం. అడుగుకొక దూలం ఉంటే తప్ప అటక మీద బరువు పెట్టేవారు కాదు. పొడవాటి, వెడల్పాటి పలక మీద వరసగా సామాను పేర్చుకునే అలవాటు మనకు షోరూముల నుంచి వచ్చింది.

అయితే పోటీదారును మరిచిపోకూడదు. ఈ ప్రాంతంలో చెక్క అరకు అసలు పోటీ ఇనుప బీరువా కాదు, ప్లాస్టిక్ స్టాండు కూడా కాదు. కడప బండ. జిల్లా పడమటి హద్దు దాటితే కడప జిల్లానే కాబట్టి నల్లటి నాపబండలు తేలిగ్గా వస్తాయి. వంటగదిలో గోడకు రెండు వైపులా పొదిగి నాలుగు బండలు వేయిస్తే జీవితాంతం సరిపోతుంది. చెద లేదు, తడి లేదు, తుడిస్తే పోతుంది. సొంత ఇల్లు కట్టుకునేవాడికి వంటగదిలో చెక్క అరలు చేసుకోమని నేను చెప్పను, బండే మంచిది. చెక్కకు మిగిలే చోటు వేరు: అద్దె ఇల్లు. మండలాఫీసుల ఉద్యోగులు, టీచర్లు, పిల్లల చదువుకని పల్లె నుంచి ఆత్మకూరు వచ్చిన కుటుంబాలు గోడకు మేకు కొట్టే హక్కు కూడా లేని ఇళ్ళలో ఉంటారు. వాళ్ళకు కావలసింది ఆటోలో పట్టేది, ఇద్దరు ఎత్తగలిగేది, మెట్ల మలుపులో తిరిగేది. పొట్టి చెక్కలతో చేసిన పెట్టె సరిగ్గా ఆ కొలతకే వస్తుంది.

అందువల్ల నాకు అన్నిటికన్నా నచ్చిన రూపం ఒకదానిమీద ఒకటి పేర్చే పెట్టెలు. ఒక పెట్టె కొలత చెబుతాను, చెక్కను బట్టి మార్చుకోండి. పొడవు రెండడుగులు, ఎత్తు అడుగు, లోతు పది అంగుళాలు. నాలుగు పక్కలకూ పాత తలుపు పలకలు. తలుపు రెక్కల్లో పలకలు సన్నగా ఉంటాయి కాబట్టి రెండేసి పక్కపక్కన చేర్చి లోపల అడ్డబద్ద కొట్టాలి. వీపుకు పల్చటి ప్లైవుడ్ ముక్క. ఈ వీపే పెట్టెకు ప్రాణం. అది లేకపోతే నాలుగు పలకల చట్రం పక్కకు వాలి ఐమూలగా సాగుతుంది, నెలలో అతుకులు వదులవుతాయి. వీపు బిగించే ముందు ఐమూలలు రెండూ కొలిచి చూడాలి. రెండూ సమానమైతే మూలమట్టం కుదిరినట్టే. ఇలాంటివి మూడు నిలువునా పేరిస్తే గిన్నెల స్టాండు, రెండు పక్కపక్కన పెడితే పుస్తకాలకు, ఒకటి తలకిందులు చేస్తే పీట. ఇల్లు మారేటప్పుడు సామాను తీయకుండా పెట్టెనే ఎత్తుకుపోవచ్చు.

అతుకుల్లో వడ్రంగుల పద్ధతి కుసి కొట్టి బిగించడం. అది అందరికీ చేతకాదు, రానివాళ్ళు సిగ్గుపడాల్సిందీ లేదు. పెట్టె మూలల్లో లోపలి వైపు అంగుళం చదరం బద్ద నిలబెట్టి, రెండు పలకలనూ దానికే మరమేకులతో బిగిస్తే ఇంటివాడి చేతికి సరిపోయే అతుకు వస్తుంది. మేకును పలక తలలోకి, అంటే పోగు తెగిన వైపుకు కొట్టకూడదు. అక్కడ పట్టు ఉండదు, బద్ద పెట్టేది అందుకే. గట్టి చెక్కలకు ముందు బెజ్జం, మరమేకుకు కాస్త సబ్బు. పాత చెక్కను రంపం కింద పెట్టే ముందు అయస్కాంతం పెట్టి ఒకసారి తడిమితే దాగి ఉన్న చీలలు దొరుకుతాయి. ఇది చాదస్తం కాదు, తిరిగే రంపానికి చీల తగిలితే కన్ను పోతుంది.

పాత తలుపుల రంగు గురించి ఒక హెచ్చరిక. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన పచ్చరంగు, పసుపురంగు ఎనామెల్‌లో సీసం ఎంతున్నదీ చూసి చెప్పలేం. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి గీకాలి, లేదా రంగున్న వైపును బయటికి ఉంచి పైన కొత్త పూత వేయాలి. గిన్నెలు, తిండి సామాను పెట్టే స్టాండుకు అలాంటి పలకలు అసలు వద్దు.

చెదల సంగతికి వస్తే, ఇక్కడి నేలలో చెదలు లేని చోటు వెతకడం దండగ. చెదపురుగు నేల నుంచి మట్టిదారి కట్టుకుంటూ ఎక్కుతుంది కాబట్టి చెక్కకు నేల తగలకూడదు. కాళ్ళ కింద కడప బండ ముక్కలు, గోడకు రెండంగుళాల ఎడం ఉంటే దారి కంటపడుతుంది, తుడిచేయవచ్చు. లోపలి పురుగుకు బోరాక్సు, బోరిక్ యాసిడ్ నీళ్ళలో కరిగించి పట్టించడం చవకైన పద్ధతి. తడి తగిలే చోట అది కొట్టుకుపోతుంది కనుక ఇంట్లోపలి వస్తువులకే పనికొస్తుంది. పాత ఇంజనాయిలు పూయడం పల్లెల్లో అందరూ చేసేదే. పశువుల కొట్టంలో గుంజకు పూసుకోండి, బియ్యం పెట్టె దగ్గరికి రానివ్వకండి. పైన పాలిష్ ఎలాంటిదైనా ఫరవాలేదు గానీ లోపలి వైపూ అడుగూ మరిచిపోవద్దు. ఒకవైపే పూత వేసిన పలక అక్టోబరు, నవంబరు ముసుర్లకు ఒకవైపే తేమ తాగి విల్లులా వంగుతుంది.

ప్రపంచంలో ఈ పనికి మంచి చరిత్రే ఉంది. హాలండ్‌లో గెరిట్ రీట్‌వెల్డ్ 1930లలో ప్యాకింగ్ పెట్టెల చెక్కతో కుర్చీలు, అరలు రూపొందించి, విడి ముక్కలుగా అమ్మించాడు. యుద్ధకాలంలో బ్రిటన్ ప్రభుత్వం 1943 నుంచి కొత్త దంపతులకూ బాంబులకు ఇళ్ళు పోయినవాళ్ళకూ తక్కువ చెక్కతో చేసిన ‘యుటిలిటీ’ సామాను మాత్రమే కేటాయించింది. ఇటలీలో ఎంజో మారి 1974లో మామూలు పలకలు, మేకులతో ఎవరైనా చేసుకోగల బల్లలు, అరల నమూనాలు పుస్తకంగా వేశాడు. అతని ఉద్దేశం సామాను చవగ్గా దొరకాలని కాదు. చేసుకున్నవాడు అంగట్లో వస్తువును చూసే చూపు మారాలని. మెచ్చుకోదగిన మాటే, కానీ మారి నమూనాలకు ఒకే కొలతలో కోసిన కొత్త పైన్ పలకలు కావాలి. మనకు దగ్గరవాడు కేరళలో స్థిరపడ్డ లారీ బేకర్. పడగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు కొనుక్కొచ్చి కొత్త ఇళ్ళకు అమర్చాడు. ముందు తలుపు దొరికేది, తర్వాత దానికి తగ్గట్టు గోడలో సందు వచ్చేది. నేను చెప్పేదీ అదే క్రమం.

లాభనష్టాల దగ్గర నిజాయితీగా ఉండాలి. ఆచారికి రోజు కూలి ఇచ్చి పాత చెక్కతో స్టాండు చేయించుకుంటే, సంతలో దొరికే ఇనుప స్టాండు కన్నా ఎక్కువే అవుతుంది. పాత చెక్కకు మేకులు పీకాలి, గీకాలి, చదును చెయ్యాలి. ఆచారులు దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడకపోవడంలో న్యాయం ఉంది. వాళ్ళ చిత్రిక పదును ఎవరు కట్టిస్తారు? ఇంట్లోవాళ్ళు తీరిక వేళ చేసుకుంటేనే ఖర్చు కలిసొస్తుంది. రంపం, సుత్తి, ఉలి, మూలమట్టం, చేతిబరమా ఉంటే చాలు. కోతమిల్లులో ఒకసారి నిలువు కోత వేయించుకుంటే మిగతా శ్రమ సగమవుతుంది. మేకులన్నీ పీకి తీసుకువెళ్తేనే మిల్లువాడు ఒప్పుకుంటాడు.

అమ్మకానికి చేసేవాళ్ళ సంగతి వేరు. అక్కడ నాకు ఆశ కనిపించేది మళ్ళీ ఉదయగిరి ఆడవాళ్ళ దగ్గరే. చెక్క పోగు చదవడం, ఆకురాయి పట్టడం, నునుపు తేల్చడం వాళ్ళకు చేతిలో పని. గరిటెలు పెట్టుకునే గోడస్టాండు, పోపు డబ్బాల అర, అడుగు పొడవు మసాలా పెట్టె వాళ్ళ పనికి రెండడుగుల దూరంలోనే ఉన్నాయి. గరిటె కొనేవాడు దాన్ని తగిలించే స్టాండు కూడా కొంటాడు. దానికి కొండ మీది బిక్కి, నర్ది అక్కర్లేదు. పాత తలుపు రెక్క చాలు, సర్కారు తుమ్మ చేవ చాలు. అడవి మీద ఒత్తిడి ఆమేరకు తగ్గుతుంది. అడ్డం ఏమిటంటే, వెడల్పు పలకను సమానంగా చీల్చడానికి యంత్రం కావాలి, అది ఇంటి వసారాలో పట్టదు. గరిటెల పనికి శిక్షణ శిబిరాలు పెట్టినట్టే, నలుగురూ వాడుకునేలా చిన్న పట్టీరంపం, చిత్రిక యంత్రం ఊళ్ళో ఒకచోట పెడితే ఈ అడ్డం తొలగుతుంది. కోతకు గంటకు ఇంతని కట్టించుకుంటే కరెంటు బిల్లు వెళ్ళిపోతుంది. ఆ కొట్టం పక్కనే పాత ఇళ్ళ చెక్క కొనే అడితీ ఉండాలి. లేకపోతే తలుపు రెక్క అక్కడికి చేరేలోపే కట్టెల బండి ఎక్కుతుంది.